జాబితాలో పేరు లేని రైతులు

మిర్యాలగూడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, మిల్లు పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు ముప్పై ఒక్కేళ్లు. నల్గొండలో బీకాం చదివారు, పెళ్లయ్యాక మిర్యాలగూడ వచ్చారు. ఆరేళ్లుగా ఒక రైస్ మిల్లు ఆఫీసులో పని. మొదట కాంటా చీటీలు రాసేవారు, ఇప్పుడు కంప్యూటరు పనంతా ఆమెదే. మిల్లులో పెట్టిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనక, లెక్కలన్నీ టేబుళ్లుగా దాచే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంది. అందులో వచ్చే రిపోర్టులు సేటుకు సరిపోవు. "గిట్ల గాదు, ఊరి వారీగ కావాలె" అంటారు. ఈ బాధ పడలేక సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు ఒకరోజు ఆ సర్వర్‌తో పనిచేసే మేనేజ్‌మెంట్ స్టూడియో తెరిచి, క్వెరీ డిజైనర్ చూపించి పోయాడు. క్వెరీ అంటే డేటాను ఎస్‌క్యూఎల్ అనే భాషలో అడిగే ప్రశ్న, డిజైనర్‌లో దాన్ని బొమ్మలతో కట్టవచ్చు. టేబుళ్లు పైకి లాగడం, వాటి మధ్య గీతలు కలపడం, కావాల్సిన కాలమ్‌లకు టిక్ పెట్టడం. రెండేళ్లలో ఆమె సొంతంగా నలభై దాకా రిపోర్టులు తయారు చేసుకున్నారు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది దసరాకు వచ్చినప్పుడు ఇది చూసి, "గీ బొమ్మలు గుంజుడు ఎస్‌క్యూఎల్ అయితదా వదినా?" అని నవ్వాడట. పట్టుదలకు పోయి ఆమె నవంబర్‌లో హైదరాబాద్‌లో రిపోర్టులు తయారుచేసే ఒక ఎంఐఎస్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. వాళ్లు కాగితం, పెన్ను ఇచ్చి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఎక్కువ జీతం ఉన్న ముగ్గురి పేర్లు వచ్చేలా క్వెరీ రాయమన్నారు. క్వెరీలో మొదట వచ్చే సెలెక్ట్ అన్న మాట రాసి ఆగిపోయారు. "చేతులు చల్లబడ్డాయి. స్క్రీన్ ముందు కూర్చుంటే వచ్చేదాన్ని కాగితం మీద చూస్తే నాకు ఏమీ రాదని తెలిసిపోయింది" అని రాశారు. భర్తకు మాత్రం ఇంటర్వ్యూ వాయిదా పడిందని చెప్పారట.

ఆమె అడిగినవి రెండు. ఇకమీదట డిజైనర్ జోలికి పోకుండా చేత్తోనే రాయాలా? ఉద్యోగం మానేసి, రెండో తరగతి చదివే పాపను అమ్మ దగ్గర వదిలి, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సులో చేరాలా?

ఉత్తరం చివర, సంతకం కింద, ఇంకో పేరా ఉంది. వానాకాలం వడ్ల బాకీల జాబితా ఆమె డిజైనర్‌లోనే తీసి ఇచ్చారు. ఒక పెద్దాయన రెండుసార్లు డబ్బులకు వస్తే, "కంప్యూటర్ల నీ పేరు లేదు" అని గుమస్తా తిప్పి పంపాడు. మూడోసారి ఆయన కాంటా చీటీ పట్టుకుని ఈమె టేబుల్ దగ్గరికే వచ్చాడు. చీటీ నిజమైనదే. అప్పుడు నవంబర్ చీటీలన్నీ చేత్తో సరిచూస్తే, జాబితాలో లేనివాళ్లు పదిహేడు మంది తేలారు. క్వెరీలో గీత మీద రైట్ క్లిక్ చేసి, "రైతులు టేబుల్‌లోని అన్ని వరుసలూ" అన్నది ఎంచుకుని మళ్లీ నడిపారు. అవే పేర్లు వచ్చాయి, ఒక్కటీ పెరగలేదు. "టూలే చెడిపోయిందేమో" అని రాశారు. పెద్దాయన డబ్బులు ఎలాగో ఇప్పించారు. మిగతావాళ్ల సంగతి సేటుకు ఇంకా చెప్పలేదు.

అమ్మా,

మీరు చివర రాసిన పేరా నుంచే మొదలుపెడతాను. మీ రెండు ప్రశ్నలకు జవాబు సగం అందులోనే ఉంది. పైగా అది ఆగే విషయం కాదు. యాసంగి నార్లు పోసుకునే రోజుల్లో చేతిలో డబ్బు లేని రైతు ఏం చేస్తాడో మిర్యాలగూడలో ఉండే మీకు నేను చెప్పనక్కర్లేదు.

టూల్ చెడిపోలేదు. ఉత్తరంతో పాటు మీరు పంపిన క్వెరీ చదివాను. డిజైనర్ మీరు చెప్పినట్టే చేసింది. మీరు ఏం చెప్పారన్నది మాత్రం మీకు కనిపించలేదు. రైతులు, కాంటాలు, చెల్లింపులు అనే మూడు టేబుళ్లను పైకి లాగి గీతలు కలిపారు. ఎవరూ మార్చకపోతే ఆ గీతకు అర్థం ఇన్నర్ జాయిన్. అంటే రెండు వైపులా జత దొరికిన వరుసే బయటికి వస్తుంది. చెల్లింపుల టేబుల్‌లో ఒక్క వరుసయినా ఉన్న రైతే జాబితాలోకి వస్తాడు. ఎంతో కొంత ముట్టినవాడి పేరు ఉంటుంది, ఒక్క రూపాయి కూడా ముట్టనివాడి పేరు రాలిపోతుంది. బాకీల జాబితాలో ఎవరు ముందుండాలో సరిగ్గా వాళ్లే ఎగిరిపోయారు. మీరు ఆఫీసులో కొత్త కాదు, అయినా ఇది మీ కంటికి ఆనకపోవడానికి కారణముంది. తప్పుగా వచ్చిన పేరు కనిపిస్తుంది. రాని పేరు ఎక్కడ కనిపిస్తుంది?

తర్వాత మీరు గీతను మార్చారు. అది లెఫ్ట్ జాయిన్ అయింది, అంటే జత దొరకకపోయినా రైతు వరుస ఉంటుంది. మంచిదే. కానీ కింది గ్రిడ్‌లో చెల్లింపు తేదీ పక్కన ఫిల్టర్ గడిలో అక్టోబర్ 1 తర్వాత అన్న షరతు అలాగే ఉంది. క్వెరీ అడుగు భాగంలో అది ఇలా కూర్చుంది. ఇక్కడ కాంటాల టేబుల్ వదిలేసి, తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీ స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఉంటుంది:

ఫ్రమ్ రైతులు
లెఫ్ట్ జాయిన్ చెల్లింపులు ఆన్ రైతులు.నంబర్ = చెల్లింపులు.రైతు_నంబర్
వేర్ చెల్లింపులు.తేదీ >= '2025-10-01'

లెఫ్ట్ జాయిన్ డబ్బు ముట్టని రైతును లోపలికి తెచ్చింది. అతని చెల్లింపు కాలమ్‌లన్నీ నల్‌తో నింపింది. ఆ తర్వాత వేర్ వచ్చి, నీ చెల్లింపు తేదీ అక్టోబర్ 1 తర్వాతదేనా అని ప్రతి వరుసనూ అడిగింది. నల్ అంటే తేదీ లేదని. లేని తేదీ దేనికంటే ముందో వెనకో చెప్పలేం, కాబట్టి ఆ పోలికకు అవునన్న జవాబు రాదు. అవును అన్న వరుసనే వేర్ ఉంచుతుంది. ముందు తలుపులోంచి పిలిచి, వెనక తలుపులోంచి పంపినట్టయింది. అందుకే గీత మార్చినా పేర్లు పెరగలేదు.

షరతును వేర్‌లోంచి తీసి, జత కుదిర్చే ఆన్ వెంట పెడితే ఈ సమస్య పోతుంది. అప్పుడు తేదీ చూసి చెల్లింపులను వడకడుతుంది, రైతు మాత్రం ఉంటాడు. కానీ గ్రిడ్‌లో ఫిల్టర్ గడిలో కొట్టిందల్లా వేర్‌లోకే పోతుంది. ఈ ఒక్క మార్పు కోసమైనా మీరు కింద అక్షరాలు కనిపించే భాగంలోకి దిగాల్సిందే.

ఇక పదిహేడు అన్న లెక్క. అది నవంబర్ చీటీల్లో మాత్రమే తేలిన సంఖ్య. అక్టోబర్, డిసెంబర్ చీటీలు మీరు చూడలేదు. కాబట్టి పదిహేడు దగ్గర ఆగుతుందని నాకు నమ్మకం లేదు. అసలు సంఖ్య తెలియాలంటే రిపోర్టంతా అక్కర్లేదు, చిన్న క్వెరీ చాలు. ఈ సీజన్‌లో కాంటా అయిన రైతులను తీసుకోండి. ఈ సీజన్ చెల్లింపులను లెఫ్ట్ జాయిన్‌తో కలపండి, తేదీ షరతు ఆన్ వెంటే ఉండాలి. చివర వేర్‌లో చెల్లింపు టేబుల్‌లోని రైతు_నంబర్ ఈజ్ నల్ అని రాయండి. నల్‌ను సమాన గుర్తుతో అడిగితే ఒక్క వరుసా రాదు, ఈజ్ అనే రాయాలి. ఎన్ని పేర్లు వస్తే అంతమంది.

ఇంకో సంగతి ఉంది, మీరు గమనించినట్టు లేదు. జాబితాలో బాకీ మొత్తం చూపే కాలమ్‌ను సేటు చూడరని, పేర్లు చూసి చీటీల మీదే లెక్క కట్టి ఇస్తారని రాశారు. ఆయన అలవాటు మంచిదయింది. ఎందుకంటే ఆ కాలమ్ కూడా తప్పే. ఒక రైతు మూడుసార్లు వడ్లు తెచ్చాడనుకోండి: 40, 35, 25 క్వింటాళ్లు. సులువు కోసం క్వింటాల్‌కు 2,000 రూపాయలు వేసుకుందాం, తరుగు, హమాలీ వదిలేద్దాం. అతనికి రావాల్సింది 2,00,000. మీరు రెండుసార్లు ఇచ్చారు, 50,000 ఒకసారి, 70,000 ఒకసారి. బాకీ 80,000. ఇప్పుడు కాంటాలను, చెల్లింపులను రైతు నంబర్ మీద కలిపితే, మూడు కాంటాల్లో ప్రతి ఒక్కటీ రెండు చెల్లింపులతోనూ జతపడుతుంది. మూడు వరుసలు ఆరవుతాయి. వడ్ల విలువ రెండింతలై 4,00,000 అవుతుంది, ఇచ్చింది మూడింతలై 3,60,000 అవుతుంది. బాకీ 40,000 అని వస్తుంది. ఇలాంటి తప్పు నాకు భయం. కోట్లలో వస్తే ఎవరైనా ఆగి చూస్తారు. నలభై వేలంటే నమ్మేలా ఉంది.

నేను ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కాలం మనిషిని. ఒక ఆఫీసులో అడ్వాన్సుల రిపోర్టు ఇలాగే జతలు పెరిగి రెండింతలు చూపిస్తే, రెండు నెలలు ఎవరూ పట్టుకోలేదు. రిపోర్టు బాగుందని పైఆఫీసర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంటుంది.

దీనికి మందు, కలపడానికి ముందే కూడటం. కాంటాల టేబుల్‌ను రైతు నంబర్ మీద గ్రూప్ బై చేసి ఒక్కో రైతుకు ఒక్క వరుస తెచ్చుకోవాలి. చెల్లింపులనూ అలాగే. తేదీ షరతులు ఆ చిన్న క్వెరీల లోపలే పెట్టాలి. అప్పుడు రెంటినీ కలిపితే జతలు పెరగవు, చెల్లింపు లేని రైతూ రాలిపోడు. చెల్లింపు నల్ అయిన చోట తీసివేత కూడా నల్ అయిపోతుంది కాబట్టి, కోయలెస్ పెట్టి నల్ బదులు సున్నా తీసుకోండి. ఆ రెండు చిన్న క్వెరీలకు పేర్లు పెట్టి వ్యూలుగా దాచుకుంటే, వాటిని మామూలు టేబుళ్లలాగే డిజైనర్‌లోకి లాగవచ్చు కూడా. అయితే ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాళ్లది. అందులో కొత్త వ్యూ పెట్టే ముందు ఆ కుర్రాడికి ఒక ఫోన్ చేయండి.

ఫోన్ చేయమన్నానని గుర్తొచ్చింది. జిల్లా కాలమ్‌లో నల్గొండ, నల్లగొండ అని రెండు రకాలుగా ఉంటే గ్రూప్ బైలో రెండు జిల్లాలుగా వస్తున్నాయని, "ఎడిట్ టాప్ 200 రోస్" తెరిచి ఒక్కొక్కటీ దిద్దుతున్నారని రాశారు. 2016 అక్టోబర్‌లో సూర్యాపేట వేరే జిల్లా అయినా, గరిడేపల్లి, హుజూర్‌నగర్ రైతులు పాత ఎంట్రీల్లో నల్గొండలోనే ఉన్నారట, అవీ మారుస్తున్నారట. ఆపండి. ఆ కిటికీలో వరుస దాటగానే మార్పు అసలు డేటాలో పడిపోతుంది. పొరపాటున ఖాతా నంబర్ గడిలో వేలు పడితే వెనక్కి తెచ్చుకునే దారి బ్యాకప్ ఒక్కటే. స్పెల్లింగులు దిద్దాల్సిందే, కానీ బ్యాకప్ తీశాక, వాళ్లకు చెప్పాక.

ఇప్పుడు డిజైనర్ వదలాలా అన్న ప్రశ్న.

మరిది మాటను మీరు మనసుకు గట్టిగానే తీసుకున్నారు. అతను ఏ పద్ధతిని చూసి నవ్వాడో దానికి పెద్ద చరిత్రే ఉంది. ఎస్‌క్యూఎల్ తొలి రూపాన్ని ఐబీఎంలో డోనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో బయటపెట్టారు. అదే ఐబీఎంలో, అదే దశాబ్దంలో, మోషే జ్లూఫ్ అనే ఆయన ఖాళీ టేబుల్ గళ్లను స్క్రీన్ మీద చూపించి, అందులో ఉదాహరణ నింపితే డేటా వచ్చే పద్ధతి తయారు చేశాడు. దాని పేరు క్వెరీ బై ఎగ్జాంపుల్. మీ ముందున్న గ్రిడ్ ఆ వంశానిదే. ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా డేటాను అడగగలగాలన్నది ఆ రెండు పద్ధతుల వెనకా ఉన్న కోరిక. బొమ్మ, రాత ఒకే ఇంటి పిల్లలు. మీ మరిదికి ఇది చెప్పి గెలవమని నేననడం లేదు, వదిన గెలిచినా మరిది ఒప్పుకోడు. అతను అన్నదాంట్లో తీసుకోవాల్సిన ముక్క ఒకటుంది. బొమ్మ గుంజాక కింద పడిన రాతను మీరు రెండేళ్లుగా చదవలేదు. చదివి ఉంటే ఇన్నర్ అన్న మాట కనిపించేది, వేర్‌లో తేదీ కనిపించేది.

డిజైనర్‌ను పూర్తిగా వదిలేస్తే ఏమవుతుంది? నాలుగు రోజులు బాగుంటుంది. అయిదో రోజు సేటు అర్జెంటుగా రిపోర్టు అడుగుతారు, కామా దగ్గర ఎర్రర్ వస్తుంది, టెన్షన్‌లో మళ్లీ టూలే తెరుస్తారు. తెరిచినందుకు తప్పు చేసినట్టు బాధపడతారు. ఇప్పటిలాగే వాడుకుంటూ పోతే? రిపోర్టులు త్వరగా వస్తాయి, మిల్లుకు ఇబ్బంది ఉండదు. ఇంకో అయిదేళ్లకు కూడా కాగితం చూస్తే చేతులు చల్లబడతాయి. పైగా ఇలాంటి జాబితా ఇంకోటి ఎప్పుడు వెళ్తుందో తెలియదు.

నాకైతే మధ్య దారి ఇష్టం, అది కొంచెం నెమ్మది. మేనేజ్‌మెంట్ స్టూడియో డిజైనర్‌లో మూడు భాగాలున్నాయి కదా, పైన బొమ్మ, మధ్యలో గ్రిడ్, కింద రాత. మీరు ఒక దిక్కు నుంచే వస్తున్నారు, పై నుంచి కిందికి. దాన్ని తిప్పండి. కింద చేత్తో క్వెరీ కొట్టి సరిచూడమంటే, పైన బొమ్మ దానంతటదే గీసుకుంటుంది. మీరు ఇన్నర్ అనుకుని రాసింది లెఫ్ట్ అయితే గీత మధ్య ఉన్న చిన్న డైమండ్ ఆకారం మారి కనిపిస్తుంది. తప్పు చూపించే టీచర్ ఇంట్లోనే ఉన్నట్టు. మీ నలభై రిపోర్టుల్లో రోజుకు ఒకటి తీసుకోండి. స్క్రీన్ చూడకుండా నోట్‌బుక్‌లో రాయండి, తర్వాత డిజైనర్ రాసిన దానితో పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ మాత్రం ఎర్ర పెన్ను. వారానికే మీ తప్పులు మూడు నాలుగు రకాలేనని తెలుస్తుంది. కొన్ని తేడాలు తప్పులు కావని కూడా తెలుస్తుంది. మీరు బ్రాకెట్లలో ఆర్, అంటే 'లేదా', పెట్టి చక్కగా రాసింది డిజైనర్ విడగొట్టి రెండు పొడవాటి షరతులుగా రాసి ఉంటుంది. అక్కడ మీ రాతే బాగుంటుంది, చూసి సంతోషించండి.

ఈ పని ఇంట్లో చేయాలనుకుంటే మిల్లు డేటా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లకండి. అందులో రైతుల ఆధార్, బ్యాంకు ఖాతాలు ఉంటాయి, అవి మీవి కావు, సేటువీ కావు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితం, స్టూడియో ఉచితం. నలుగురు రైతులు, పది కాంటాలు, మూడు చెల్లింపులు మీరే కల్పించి టేబుళ్లు చేసుకోండి. ఒకరికి చెల్లింపు లేకుండా, ఒకరికి మూడు కాంటాలు రెండు చెల్లింపులు ఉండేలా కావాలని పెట్టుకోండి. జవాబు ముందే వేళ్ల మీద లెక్కపెట్టగలిగే డేటా మీద నేర్చుకుంటేనే క్వెరీ అబద్ధం చెప్పినప్పుడు దొరుకుతుంది.

ఇంటర్వ్యూ రోజు సంగతి. మీరు సెలెక్ట్ రాసి ఆగిపోయారు. ఎందుకో ఆలోచించారా? డిజైనర్‌లో మీరు ఎప్పుడూ మొదట టేబుళ్లు లాగుతారు, కాలమ్‌లు తర్వాత. కాగితం మీద వరుస తిరగబడింది, ముందే కాలమ్‌లు అడిగింది. నిజానికి మీ అలవాటే సరైనది. సర్వర్ క్వెరీని అర్థం చేసుకునే వరుసలో ఫ్రమ్, జాయిన్ ముందు వస్తాయి, తర్వాత వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆ తర్వాతే సెలెక్ట్, చివర ఆర్డర్ బై. కాబట్టి ఈసారి కాగితం ఇస్తే పైన మూడు వరుసలు ఖాళీ వదిలేయండి. మధ్యలో ఫ్రమ్ అని రాసి మొదలుపెట్టండి. అంతకంటే ముందు పక్కన పెన్సిల్‌తో రెండు డబ్బాలు గీసి, మధ్య గీత గీయండి. రెండేళ్లు బొమ్మలు గుంజిన చెయ్యి కదా, అక్కడ పనికొస్తుంది. ఎదుటివాళ్లు నవ్వుతారని అనుకోకండి, బాగా తెలిసినవాళ్లు కూడా బోర్డు మీద ముందు డబ్బాలే గీస్తారు.

అయినా ఆ ప్రశ్న మాత్రం మీకు రాకపోవడంలో వింత లేదు. ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురు అంటే గ్రూప్ బైతో కుదరదు. గ్రూప్ బై గుంపును ఒక్క వరుసగా ముద్ద చేసేస్తుంది, మ్యాక్స్ పెడితే ఒక్క జీతం వస్తుంది, ముగ్గురి పేర్లు రావు. అక్కడ రో_నంబర్ ఓవర్, లోపల పార్టిషన్ బై డిపార్ట్‌మెంట్, ఆర్డర్ బై జీతం తగ్గే వరుసలో రాసి, ప్రతి మనిషికీ తన గుంపులో ఒక నంబర్ ఇచ్చి, బయట ఇంకో సెలెక్ట్ పెట్టి మూడు లోపు ఉన్నవాళ్లను తీసుకోవాలి. మీ మిల్లు భాషలో, ఒక్కో ఊరి నుంచి ఎక్కువ వడ్లు తెచ్చిన ముగ్గురు రైతులు. మీ డిజైనర్‌లో ఓవర్ అని రాసి చూడండి, ఆ మాటకు సపోర్ట్ లేదని మొహం మీదే చెబుతుంది. రెండు క్వెరీల ఫలితాలను ఒకదాని కింద ఒకటి పేర్చే యూనియన్‌కు కూడా బొమ్మ గీయలేదు. అంటే మీరు రెండేళ్లు రోజూ ఎనిమిది గంటలు ఆ టూల్‌తో కూర్చున్నా ఈ ప్రశ్నకు జవాబు అందులో ఎదురయ్యేది కాదు. మీకు ఏమీ రాదని తేలలేదు, టూల్ చూపించని వీధి ఒకటుందని తేలింది. ఇవి రాతలోనే నేర్చుకోవాలి.

అమీర్‌పేట మాట. మూడు నెలల కోర్సులో మంచివాళ్లు దొరికితే లాభమే. పక్కన పదిమంది అదే కష్టం పడుతుంటే ధైర్యం వస్తుంది, ఇంటర్వ్యూ ప్రశ్నలు అలవాటవుతాయి. కానీ మీ విషయంలో లెక్క ఇలా ఉంది. జీతం ఆగుతుంది, హాస్టల్ ఖర్చు మొదలవుతుంది, పాప స్కూలు మధ్యలో ఇల్లు మారుతుంది. అక్కడ మొదటి నెలంతా చెప్పే సెలెక్ట్, వేర్, జాయిన్ మీరు మీ డేటా మీద ఈపాటికే సగం నేర్చుకున్నారు. మిల్లులో మీకున్నది అక్కడ దొరకదు, నిజమైన చీటీలు, నిజమైన తప్పులు. మూడు నెలలు నోట్‌బుక్ పద్ధతి నడిపి, ఎండాకాలం సెలవుల్లో మళ్లీ ఆలోచించమంటాను. అప్పటికీ ఓవర్‌తో రాసే విండో ఫంక్షన్లు, క్వెరీ లోపల క్వెరీగా వచ్చే సబ్‌క్వెరీల దగ్గర తెలియకపోతే సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు చాలు. అప్పటికీ హైదరాబాద్‌కే మనసు లాగితే, అది ఎస్‌క్యూఎల్ ప్రశ్న కాకుండా పోతుంది. కొత్త జీవితం కోరుకుంటున్నారని అర్థం, అందులో తప్పు లేదు. అప్పుడు పాపను, భర్తను కూర్చోబెట్టుకుని మాట్లాడాల్సిన విషయం అది. నల్గొండలో, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను, కానీ వెతికేటప్పుడు హైదరాబాద్ ఒక్కటే చూడకండి.

భర్తకు ఇంటర్వ్యూ వాయిదా పడిందని చెప్పారు. మీ ఇష్టం. కాకపోతే ఆ అబద్ధానికి కొత్త తేదీ ఒకటి చెప్పాల్సి వస్తుంది, దానికి ఇంకో అబద్ధం. "రాయలేకపోయాను" అంటే ఒక సాయంత్రంతో అయిపోతుంది. మరిదిని సంక్రాంతికి కూర్చోబెట్టి మీ నోట్‌బుక్ చూడమనండి. నవ్వినవాడికి ఎర్ర పెన్ను ఇస్తే ఎక్కువసేపు నవ్వలేడు. దిద్దడం మొదలుపెడితే అతనికీ రెండు సందేహాలు వస్తాయి.

ఇక సేటుకు చెప్పడం. ఒక దారి, ఏమీ చెప్పకుండా సరిచేసిన జాబితా ఇచ్చేయడం. ఆయన కొత్త పేర్లు చూసి "గీళ్లెవరు?" అని గుమస్తాను అడుగుతారు. గుమస్తా ఆ రైతులను ఇప్పటికే తిప్పి పంపాడు కాబట్టి, తప్పు తన మీదికి రాకుండా ఆ పేర్లే అనుమానం అంటాడు. రైతులు మూడోసారి కూడా తిరుగుతారు. రెండో దారి, సాఫ్ట్‌వేర్‌లో లోపమని చెప్పడం. సేటు ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో తేలుతుంది, ఇక మీరు ఇచ్చే ఏ రిపోర్టూ ఆయన నమ్మరు. మూడోది, మీరే వెళ్లి "నేను తీసిన జాబితాలో ఒక్క పైసా ముట్టనివాళ్ల పేర్లు పోయాయి, నా క్వెరీలో తప్పు, ఇదిగో సరైనది" అనడం. తిడతారు. మిల్లు సేట్ల కోపం నాకూ తెలుసు. కానీ చేతిలో పూర్తి జాబితా పట్టుకుని చెప్పినదానికి, రైతులు గుంపుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాక బయటపడినదానికి తేడా ఉంటుంది. ఉద్యోగం పోతుందా అని రాశారు. ఆ భయం ఉట్టిదే అనలేను, మీ సేటును నేను ఎరగను. కానీ ఆరేళ్లుగా ఆ ఆఫీసు లెక్కలన్నీ ఒకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ మనిషిని తీసేయడం ఆయనకూ సులువు కాదు.

వెళ్లే ముందు ఆ ఈజ్ నల్ క్వెరీ నడపండి. పెద్దాయనది తప్ప మిగతా పేర్లన్నీ అందులో ఉన్నాయో లేదో చీటీలతో చూసుకోండి, ఒక్కటి లేకపోయినా క్వెరీలో ఇంకా లోపం ఉన్నట్టే. మీరు డబ్బులు ఇప్పించిన పెద్దాయన పేరు మాత్రం రాకూడదు. వచ్చిందంటే ఆయన చెల్లింపు సిస్టంలో ఎక్కలేదన్నమాట, అదీ ఎక్కించండి. రైతు పేరు, ఊరు, చీటీ నంబర్లు, క్వింటాళ్లు, రావాల్సిన డబ్బు తెచ్చి ప్రింటు తీయండి. ఆర్డర్ బైలో డబ్బు పెట్టకండి, పేరు కూడా వద్దు. మొదటి కాంటా తేదీ పెట్టండి. అక్టోబర్ మొదటి వారంలో వడ్లు దించి, అప్పటి నుంచి ఎదురుచూస్తున్నవాళ్లు పై వరుసల్లో వస్తారు.